కదలొద్దన్న చోట

కురుమయ్య పుట్టింది అచ్చంపేట దాటాక రోడ్డు నల్లమలలోకి మళ్లే చోట, అడవి అంచునున్న చిన్న ఊళ్లో. పదమూడో ఏట వానల్లేక అమ్మానాన్నలు పట్నం బయల్దేరితే వాళ్ల వెంట వచ్చాడు. అశోక్ నగర్ నాలా పక్కన బస్తీలో రేకుల గది దొరికింది. ఇటుకలు మోశాడు, సెంట్రింగ్ చెక్కలు కొట్టాడు, పాతికేళ్లు వచ్చేసరికి తాపీ పట్టాడు. ఇప్పుడు కోచింగ్ సెంటర్ల బోర్డులు వేలాడుతున్న బిల్డింగుల్లో నాలుగైదింటికి గోడలు లేపింది అతనే. భార్య బుగ్గమ్మ చిక్కడపల్లిలో ఇళ్లలో గిన్నెలు తోమేది. ఇద్దరు ఆడపిల్లలు. అన్నీ సవ్యంగా సాగితే అతను చివరిదాకా మేస్త్రీగానే ఉండిపోవలసినవాడు.

నారాయణగూడలో ఒక టిఫిన్ సెంటర్ పైన శ్రావణ్ అనే కుర్రాడు ఆఫీసు పెట్టుకుంటూ టైల్స్ వేయించడానికి పిలిచాడు. ఊళ్లకీ అడవులకీ మనుషుల్ని తీసుకెళ్లే ఆఫీసు. పని చేయిస్తూ మాటల్లో ఊరు అడిగాడు.

“అచ్చంపేట దిక్కా? అయితే నల్లమల ఎరుకేనా కురుమన్నా?”

“ఎరుకేంది సార్, మేకలెంబడి తిరుగుకుంటనే పెరిగిన.”

“ఈత వస్తదా?”

“బాయిలల్ల దునికినోన్ని. రాకుంటె ఎట్ల?”

ఆ నెలాఖరునే శ్రావణ్ పదిహేనుమంది కాలేజీ పిల్లల్ని నల్లమలలో ఒక నీటి గుండం దగ్గరికి తీసుకెళ్తూ, బియ్యం మూటలూ గిన్నెలూ మోయడానికి కురుమయ్యను వెంటబెట్టుకున్నాడు. అక్కడ ఒక పిల్లవాడు జారి, రాతి కిందికి లాగే నీళ్లలో పడ్డాడు. అందరూ ఒడ్డున నిలబడి అరుస్తుంటే కురుమయ్య నెత్తిమీది మూట కింద పడేసి దూకాడు. జుట్టు పట్టి పైకి లాగాడు. పిల్లవాడు కక్కుకుని, ఏడ్చి, ఆ తర్వాత నవ్వాడు. తిరుగు బస్సులో శ్రావణ్ అతని పక్కనే కూర్చుని, “ఇంక తాపీ ఇడిసెయ్ కురుమన్నా, నా తాన ఉండు” అన్నాడు.

తొమ్మిదేళ్లు ఉన్నాడు. ఆ తొమ్మిదేళ్లలో శ్రావణ్ టూర్లు నల్లమల దాటి కర్ణాటక కొండలదాకా పోయాయి. శుక్రవారం సాయంత్రం నారాయణగూడలో బస్సెక్కితే బుధవారం పొద్దున దిగడం. మొదటి రోజు కొండ మధ్యలో రాతిలో తొలిచినట్టుండే గుండాలు. రెండో రోజు గుహలు. ఆ తర్వాత రెండు రోజులు మబ్బులడవి. ఆ పేరు కురుమయ్యే పెట్టుకున్నాడు. అక్కడ మబ్బు ఆకాశంలో ఉండదు, చెట్ల మధ్యనే కాపురముంటుంది. కొమ్మలకు నాచు గడ్డాల్లా వేలాడుతుంది. వాన పడకపోయినా ఆకుల నుంచి చుక్కలు రాలుతూనే ఉంటాయి. పది అడుగుల దూరంలో ఉన్న మనిషి ఒకసారి కనిపిస్తాడు, ఒకసారి కనిపించడు.

ఇంటికొచ్చి బిడ్డలకు ఆ అడవి సంగతి చెబుతుంటే అతని గొంతు మారిపోయేది. “గోడలు కట్టినన్ని రోజులు గీసొంటి జాగ ఉంటదని నాకు తెల్వకపాయె” అనేవాడు.

పని మీద అతనికి భయభక్తులుండేవి. పదిమందిని లెక్కపెట్టేటప్పుడు కళ్లతో పెట్టేవాడు కాదు. ఒక్కొక్కరి భుజం మీద చెయ్యి వేసి, ఒకటి, రెండు, మూడు అని పైకే అంటూ పోయేవాడు. ముందు ఆ ఊరి దారి తెలిసిన మనిషి నడిస్తే, వెనక చివరన కురుమయ్య నడిచేవాడు. బయల్దేరే ముందు అందరికీ ఒకటే మాట చెప్పేవాడు. “దారి తప్పిన్రనుకో, ఎవ్వరు కనవడుతలేరనుకో, ఉన్న కాడనే ఉండుండ్రి. అడుగు కదలొద్దు. నేనొస్త.”

తొమ్మిదేళ్లలో రాని రోజు లేదు.

బుగ్గమ్మ పనిచేసే ఇళ్లలో ఒకటి కిషన్ రావుది. చిక్కడపల్లి సందులో పాత రెండంతస్తుల ఇల్లు. ఆయన నీళ్ల ఆఫీసులో ముప్పయ్యెనిమిదేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. భార్య దమయంతి. ఒక్కతే కూతురు నవత, పెళ్లయి నిజామాబాద్‌లో ఉంటుంది. కిషన్ రావు పద్ధతి గల మనిషి. కాగితం ముక్క పారేయాలన్నా నాలుగు మడతలు పెట్టి పారేసేవాడు. పాలపాకెట్టుకు సందు చివరిదాకా పోయినా, “దమయంతీ, పోయొస్త” అని చెప్పి పోయేవాడు. బుగ్గమ్మ గిన్నెలు తోముతూ మొగుడు చూసొచ్చిన గుండాల సంగతి చెబుతుంటే ఆయన పేపరు పక్కన పెట్టి వినేవాడు.

“నలభై ఏండ్లు పైపులల్ల నీళ్లే చూసిన బుగ్గమ్మా. నీళ్లు పుట్టేకాడ ఎట్లుంటదో ఒక్కసారన్న చూడాలె” అన్నాడొకరోజు.

దమయంతికి ఇష్టం లేదు. ఆయనకు షుగరు, మోకాళ్ల నొప్పి. నెలరోజులు వాదించుకున్నారు. బయల్దేరే రోజు ఆయన సంచీ సర్దుకుంటుంటే, కోపం ఆపుకోలేక, “గంత ఇష్టముంటె ఆడనే ఉండు, మల్ల రాకు” అంది. అయినా ఆకలికి నకనకలాడతాడని ఉప్పు బిస్కెట్లు రెండు పాకెట్లు సంచీలో పెట్టింది. ఆయన నవ్వి, ఎప్పటిలాగే పోయొస్తనని చెప్పి బయటికి నడిచాడు. అది అక్టోబరు మొదటివారం.

ఆ ట్రిప్పులో పన్నెండుమంది. గుండాల దగ్గర కిషన్ రావు చిన్నపిల్లాడిలా మోకాళ్లదాకా ప్యాంటు మడిచి నీళ్లలో నిలబడ్డాడు. నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో చూడ్డానికి రాతి నెర్రెలోకి వంగి చెవి పెట్టాడు. “కురుమయ్యా, నీకు పుణ్యముంటది” అన్నాడు. ఆ రోజంతా కురుమయ్య ఆ మాటను పదేపదే తలుచుకున్నాడు.

రెండో రోజు గుహ నుంచి బయటికొచ్చాక అతను అలవాటుగా భుజాలు తట్టి లెక్కపెడుతుంటే ఒక మేడమ్ చెయ్యి విదిలించుకుంది. “ఏందయ్యా, గొడ్లను లెక్కపెట్టినట్లు మీద చెయ్యేస్తున్నవ్?” అంది. వెంటనే శ్రావణ్‌కు ఫోన్ చేసి చెప్పింది. పది నిమిషాల తర్వాత శ్రావణ్ కురుమయ్యకు చేశాడు.

“ఆడోళ్ల మీద చెయ్యేసుడేందన్నా? కండ్లు లేవా నీకు? చూసి లెక్కపెట్టు.”

“అట్లనే సార్.”

మూడో రోజు మబ్బులడవి. కింది ఊళ్లో దుకాణంలో వానకోట్లు కిరాయికిస్తారు. ఏ టూరువాళ్లకైనా అవే, నీలం రంగు ప్లాస్టిక్ కోట్లు. తలమీద టోపీ లాక్కుంటే మొహం కూడా సగమే కనిపిస్తుంది. పదకొండు దాటాక వాన మొదలైంది. కిషన్ రావు మోకాలు పట్టేసింది. దారి పక్కన ఒక బండ దగ్గర ఆగి, “కురుమయ్యా, ఒక్క ఐదు నిమిషాలు” అన్నాడు. అప్పుడే ముందు నుంచి కేక వినిపించింది. వాగు దాటుతూ ఆ మేడమ్ జారిపడింది. కురుమయ్య అటు చూశాడు, ఇటు చూశాడు.

“సార్, మీరు ఈ బండ మీదనే కూసోండ్రి. కదలొద్దు. ఆళ్లను దాటిచ్చి నేనొచ్చి తోల్కపోత.”

“కంగారేం లేదు. నువ్వు పో” అన్నాడాయన, బండ మీది నాచు చేత్తో తుడుచుకుని కూర్చుంటూ.

వాగు పెరుగుతోంది. తాడు కట్టి ఒక్కొక్కరినే దాటించాడు. అదే సమయానికి ఇంకో టూరువాళ్లు వెనక నుంచి వచ్చి కలిశారు. వాళ్లదీ అదే తాడు, అవే నీలం కోట్లు. దాటాక వాళ్లు గబగబా ముందుకు పోయారు. మేడమ్ మడమ వాచింది, ఏడుస్తోంది. వాన మొహాన కొడుతోంది. మబ్బు దిగి వాగు అవతలి ఒడ్డే మాయమైంది. కురుమయ్య ఒడ్డున నిలబడి కళ్లతో లెక్కపెట్టాడు. పన్నెండు. మళ్లీ పెట్టాడు. పన్నెండే. సారు మోకాలు సర్దుకుని ఆ టూరువాళ్ల వెంట దాటొచ్చాడనుకున్నాడు. మేడమ్‌ను వీపు మీద ఎత్తుకుని నడిచాడు.

రెండు గంటల తర్వాత గుడారాల దగ్గర టీ పోస్తుంటే ఒక గ్లాసు మిగిలింది. దాన్ని అందుకోని పన్నెండో మనిషి వెనకబడ్డ పక్క టూరు మనిషని, అతను టోపీ తీసి, “బ్రదర్, మావాళ్లు ఎటు పోయారు?” అని అడిగినప్పుడు తెలిసింది.

కురుమయ్య పరిగెత్తిన పరుగు ఆ దారిలో ఎవరూ ఎన్నడూ పరిగెత్తి ఉండరు. వాగు నడుం దాటి ఛాతీదాకా వచ్చింది. ఎలా దాటాడో అతనికే తెలియదు. బండ దగ్గరికి చేరేసరికి ఇంకా వెలుతురుంది. బండ ఖాళీగా ఉంది. వాన తగలని మూలన ఒక చిన్న రాయి, దాని కింద బిస్కెట్ పాకెట్ కాగితం. నాలుగు మడతలు పెట్టి ఉంది.

అంటే చాలాసేపు కూర్చున్నాడు. కూర్చుని, ఆకలేసి తిన్నాడు. తిన్న కాగితం అడవిలో ఎగిరిపోకుండా రాయి కింద పెట్టాడు. చెప్పిన మాట విని ఎదురుచూశాడు. ఆ తర్వాత ఏమైందో ఎవరికీ తెలియదు. చలికి తట్టుకోలేక లేచాడా, ఎవరో పిలిచినట్టు వినిపించి అటు నడిచాడా, వాగు దాకా వచ్చి కాలు పెట్టాడా. కురుమయ్య “సారూ” అని గొంతు పోయేదాకా అరిచాడు. మబ్బులో ఆ అరుపు ఎంతో దూరం పోయినట్టు అనిపించలేదు.

ఆ కాగితాన్ని జేబులో పెట్టుకున్నాడు. ఎందుకు పెట్టుకున్నాడో ఆ క్షణంలో అతనికే తెలియదు.

మర్నాడు మధ్యాహ్నానికి శ్రావణ్ కారేసుకుని వచ్చాడు. పోలీసుల కంటే ముందు కురుమయ్యను పక్కకు తీసుకెళ్లాడు.

“కూసోవెట్టి మర్చిపోయినవని చెప్పినవనుకో, ఇద్దరం లోపలికి పోతం. ఆ దారికి మనకు పర్మిషన్ సుత లేదు. ఆయన చెప్పకుంట పక్కకు పోయిండు. గంతే. నీకు ఇద్దరు ఆడపిల్లలున్నరు కురుమన్నా, జర ఆలోచన చెయ్.”

కురుమయ్య ఆలోచించలేదు. ఆలోచించే శక్తి అతనిలో మిగల్లేదు. స్టేషన్‌లో అడిగినప్పుడు, “చెప్పకుంట పోయిండు సార్” అన్నాడు. దాన్ని వాళ్లు కన్నడంలో రాసుకున్నారు. కింద అతను తనకు వచ్చిన నాలుగక్షరాలూ కూడబలుక్కుని పేరు రాశాడు. ఆరు రోజులు వెతికారు. కుక్కల్ని తెచ్చారు, వాన వాసనలన్నీ కడిగేసింది. ఏడో రోజు వెతకడం ఆపేశారు.

చిక్కడపల్లి సందులో ఆ ఇంటి గుమ్మం ముందు చెప్పులు నాలుగు రోజులు నిండిపోయి, తర్వాత తగ్గిపోయాయి. పోయాడని ఏడ్వడానికి లేదు, వస్తాడని ఎదురుచూడ్డానికీ లేదు. ఏడేళ్లు గడిస్తే గానీ కాగితాల మీద మనిషి పోయినట్టు కాదన్నారు. చుట్టాల్లో ఎవరో, “రిటైరయినకాడి నుంచి మనిషి ఒక తీరుగ ఉంటుండె” అన్నారు. ఇంకెవరో, “చెప్పకుంట పోయిండంటె, పోవాలనుకునే పోయుంటడు” అన్నారు. ఆ మాట దమయంతి చెవిన పడింది. పడి, లోపల కూర్చుంది.

ఆమె అది బుగ్గమ్మతోనే చెప్పుకునేది. బుగ్గమ్మ ఆ ఇంట్లో పని మానలేదు, మానితే అనుమానమొస్తుందని భయం. కురుమయ్య ఆ కొండల నుంచి తిరిగొచ్చిన మూడో రోజే పొద్దున్నే ఆమెకు అంతా చెప్పేశాడు. చెప్పి ఆ మడత కాగితం చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కుంకుమ డబ్బాలో దాచి, “ఈ ముచ్చట బయటికి పోతే మన బతుకు బజార్ల పడ్తది. నా మీద ఒట్టు” అంది. అప్పటినుంచి ప్రతి పొద్దూ ఆ ఇంటికి పోయి, సింకు ముందు నిలబడి, వెనక నుంచి దమయంతి చెప్పేవన్నీ వినేది.

“నేనే అన్న బుగ్గమ్మా. ఆడనే ఉండు, మల్ల రాకు అని. ఆయన మాట పట్టించుకున్నడు. ఎన్నడన్న చెప్పకుంట గడప దాటినోడా? గిట్ల చెప్పకుంట పోయిండంటే ఇంకేముంటది? నన్ను ఇడిసి పోయిండు.”

“అట్లనకమ్మా” అనేది బుగ్గమ్మ. ఇంటికొచ్చి ఆ మాటలన్నీ మొగుడి ముందు పెట్టేది. చెప్పొద్దని ఒట్టు పెట్టిందీ ఆమే, ఆ భారం మోయలేక రోజూ అతని మీద దించిందీ ఆమే.

కురుమయ్య శ్రావణ్ దగ్గర మానేశాడు. మొదటి ఆరు నెలలు ప్రతి నెలా ఒక్కడే ఆ కొండలకు పోయాడు. వాగు వెంట కిందికి నడిచాడు, పొదలు కత్తితో నరికాడు, రాళ్ల సందుల్లో దీపం వేసి చూశాడు. ఒకసారి నీలం ప్లాస్టిక్ ముక్క కనిపిస్తే మోకాళ్ల మీద పడి తవ్వాడు. అది ఎప్పటిదో పాత సంచి. ఏడోసారి ఫారెస్టువాళ్లు పట్టుకుని, మళ్లీ కనిపిస్తే కేసు పెడతామని వెనక్కి పంపారు. బాగ్ లింగంపల్లిలో ఒక అపార్టుమెంటు లేస్తుంటే అక్కడ పనికి కుదిరాడు. నలభై ఆరేళ్లకు మళ్లీ తాపీ పట్టుకుంటే వరస వంకరపోయింది. మేస్త్రీ పని ఇవ్వలేదు, సిమెంటు మాలు కలపమన్నారు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. తోటివాళ్లు అతన్ని మూగోడనుకున్నారు.

సంవత్సరం దాటాక ముషీరాబాద్‌లో చుట్టాల పెళ్లికి దమయంతి వెళ్లింది. ఆడవాళ్లకు వరసగా బొట్టు పెడుతూ వస్తున్న పిల్ల ఆమె ముందుకొచ్చేసరికి ఆగిపోయింది. పెట్టాలో, వద్దో ఆ పిల్లకు తెలియలేదు. చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దమయంతి తనే లేచి బయటికొచ్చి ఆటో ఎక్కింది. మర్నాడు బుగ్గమ్మతో, “మీ ఆయన్ని ఒకసారి రమ్మను” అంది.

కురుమయ్య పొద్దున పనికి పోయేముందే వెళ్లాడు. దమయంతి ముందుగదిలో చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. మనిషి సగమైంది. కూర్చోమంది. అతను గుమ్మం దగ్గర నేలమీద కూర్చున్నాడు. లోపల బుగ్గమ్మ నీళ్ల చప్పుడు ఆపేసింది.

“నన్ను ఆడికి తోల్కపో కురుమయ్యా” అంది దమయంతి. “ఆయన యాడ నిలబడి పోయిండో నాకు చూపియ్యి. ఆడ నిలబడి ఆయన్ను నోటికొచ్చినట్లు తిట్టాలె. ముప్పై నాలుగేండ్లు వండిపెట్టిన. ఒక్క మాట పడలేక పోతడా? పోయేటోడు నా మొకాన చెప్పి పోవాలె గద?”

కురుమయ్య ఆమె చేతిలోని చిక్కుడుకాయల వంకే చూస్తూ అన్నాడు.

“అమ్మా, సారు మిమ్ముల ఇడిసి పోలేదు.”

“నీకేం ఎరుక?”

“నేనే కూసోవెట్టిన. ఈడనే ఉండు సార్, నేనొస్త అన్న. వాగు కాడ కిందమీదైంది. లెక్క తప్పిన. సారు దాటిండనుకొని పోయిన.” అతని చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. “చెప్పకుంట పోయిండని అబద్ధం చెప్పిన. సారు యాడికి పోలేదమ్మా. నా కోసం ఎదురుచూసుకుంట ఆడనే కూసున్నడు.”

ఈనె తీస్తున్న చేతులు ఆగాయి.

“కూసున్నడని నీకెట్ల తెలుసు?”

అతను జేబులోంచి మడత కాగితం తీసి నేలమీద పెట్టాడు. ఆ పొద్దున్నే బుగ్గమ్మ కుంకుమ డబ్బాలోంచి తీసి ఆమెకు చెప్పకుండా తెచ్చుకున్నాడు. కాగితం నిండా ఎర్రటి పొడి. దమయంతి దాన్ని ముట్టుకోలేదు. వంగి చూసింది. నాలుగు మడతలు చూసింది.

“ఉప్పు బిస్కెట్లు. నేనే పెట్టిన” అంది. తర్వాత చాలా మామూలు గొంతుతో అడగడం మొదలుపెట్టింది. “ఎంతసేపు కూసున్నడు?”

“తెల్వదమ్మా. మూడు గంటలన్న ఉంటది.”

“వాన పడుతుండెనా?”

“పడుతుండె.”

“మీద చెట్టుండెనా?”

“ఉండె. గని కారుతనే ఉంటదమ్మా ఆడ.”

“ఒక్క పాకెట్టే తిన్నడా? రెండు పెట్టిన.”

“ఒక్కటే దొరికింది.”

ఆమె తలూపింది. బుగ్గమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని చూస్తోంది. కురుమయ్య ముందుకు వంగి దమయంతి కాళ్లు పట్టుకోబోయాడు. ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది.

“పో” అంది. “ఇద్దరు పోండ్రి. ఇంక ఈ గడప తొక్కొద్దు.”

తర్వాతివన్నీ వరసగా జరిగిపోయాయి. నవత నిజామాబాద్ నుంచి వచ్చి ఫిర్యాదు ఇచ్చింది. కురుమయ్య ఎవరూ పిలవకముందే స్టేషన్‌కు పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. కేసు కర్ణాటకలో కాబట్టి అక్కడికి తీసుకెళ్లి పంతొమ్మిది రోజులు జైల్లో పెట్టారు. భాష రాదు. అయినా ఆ పంతొమ్మిది రోజులూ అతను కాస్త నిద్రపోయాడు. బెయిలు మీద బయటికి వచ్చాకే మళ్లీ నిద్ర దూరమైంది. శ్రావణ్ ఆఫీసు మూసేశాడు, లాయరును పెట్టుకున్నాడు, తన తప్పేమీ లేదని కోర్టులో కాగితాలు పెట్టించాడు. నాలుగు నెలలకు ఇంకో పేరుతో ఇంకో చోట బోర్డు కట్టాడు. బుగ్గమ్మకు ఆ సందులో ఉన్న మిగతా ఇళ్లు కూడా పోయాయి. ఆమె మొగుడితో అవసరమైతేనే మాట్లాడుతుంది. తిట్టినా బాగుండేదని అతననుకుంటాడు.

నవత బ్రాహ్మణుల్ని అడిగి, శవం లేకపోయినా కర్మ చేయించే పద్ధతుందని తెలుసుకుంది. దర్భలతో మనిషి బొమ్మ కట్టి, శ్మశానానికి తీసుకెళ్లి దహనం చేశారు. కురుమయ్యకు ఎవరూ చెప్పలేదు. ఎవరో అనుకుంటుంటే విని వెళ్లి గేటు బయట నిలబడ్డాడు. అంతా అయ్యాక నవత తడి జుట్టుతో బయటికొచ్చి అతన్ని చూసి ఆగింది. తిడుతుందనుకున్నాడు.

“ఎందుకు చెప్పినవన్నా?” అంది.

“అమ్మ బాధ చూడలేక చెప్పిన బిడ్డా. సారు మీద కోపం పెట్టుకుంది, అది పోవాలని.”

“ఆ కోపం మీదనే బతికింది మా అమ్మ. నాన్న యాడనో ఉన్నడు, వస్తే కడిగేస్త అనుకుంట లేచేది, వండేది, తినేది. ఇప్పుడు వాన మొదలైతే చాలు, లోపల ఉండదు. బయట మెట్ల మీద కూసుంటది. తడుసుకుంట కూసుంటది. లోపలికి రా అమ్మా అంటే, ఇంకా ఎంతసేపు కూసుంటనో చూద్దాం అంటది.” నవత కొంగుతో మొహం తుడుచుకుంది. “నిజం చెప్పి నువ్వు నీ భారం దించుకున్నవ్. నీ తప్పని అంటలేను. గని ఇప్పుడు మా అమ్మను నేను యాడికని తోల్కపోవాలె?”

భారం దిగిందని ఆమె అనుకుంది. దిగలేదని చెప్పే హక్కు తనకు లేదని అతననుకున్నాడు. నవత ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

కేసు ఇంకా నడుస్తోంది. రెండు మూడు నెలలకోసారి వాయిదా. సాయంత్రం నారాయణగూడలోనే బస్సు ఎక్కాలి. కిందటి వాయిదాకు పోయినప్పుడు పక్క సీట్లలో ఆరేడుమంది కుర్రాళ్లూ అమ్మాయిలూ కొత్త బూట్లు, వీపు సంచులతో ఉన్నారు. ఫోనులో గుండాల ఫొటోలు ఒకరికొకరు చూపించుకుంటున్నారు. ఒకమ్మాయి అతని వైపు తిరిగి అడిగింది.

“అంకుల్, మీరు గూడ ఆడికేనా? ఎప్పుడన్న చూసిన్రా? మంచిగుంటదా?”

“మంచిగుంటది బిడ్డా” అన్నాడు కురుమయ్య. ఇంకా ఏదో చెప్పాలని నోరు తెరిచాడు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నడవండని, వాన వస్తే పోవద్దని, ఎవరు ఏం చెప్పినా వినొద్దని. ఇందులో ఏది చెప్పాలో, చెబితే వాళ్లకేం మిగులుతుందో తేల్చుకునేలోపు ఆ అమ్మాయి అటు తిరిగి స్నేహితులతో నవ్వులో పడిపోయింది.

పొద్దున కోర్టు దగ్గర దిగి, బయట కుళాయి కింద మొహం కడుక్కుని, పదిన్నర దాకా మెట్ల మీద కూర్చున్నాడు. జడ్జి సెలవులో ఉన్నాడని బంట్రోతు వచ్చి చెప్పాడు. ఇంకో తేదీ చీటీ మీద రాసిచ్చాడు. కురుమయ్య దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, హైదరాబాదు బస్సు ఎన్నింటికని అడుగుతూ స్టాండు వైపు నడిచాడు.